ఆటకు అన్నీ ఉన్నాయి... చోటు తప్ప!

తలెత్తితే విమానం. తల దించితే టెన్నిస్ బంతి. హైదరాబాద్ శివార్లలోని పహాడీ షరీఫ్‌లో సాయంత్రం పూట పిల్లల క్రికెట్ ఇలాగే ఉంటుంది. మూడు రాళ్లు పేరిస్తే వికెట్లు, ఖాళీ ప్లాటే స్టేడియం. గోడ దాటితే ఔట్! ప్లాటు యజమాని ఇసుక దించాడంటే మాత్రం జట్టు మొత్తం మరో చోటు వెతుక్కోవాల్సిందే.

బాబా షర్ఫుద్దీన్ దర్గా కొలువున్న ఈ కొండకు దగ్గర్లోనే, శంషాబాద్‌లో 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైంది. దానికి కేటాయించిన భూమి సుమారు 5,500 ఎకరాలు. చుట్టుపక్కల ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది.

పల్లె పిల్లలను ఆటల్లోకి తేవాలన్న కేంద్ర పథకం ‘పైకా’ పుట్టిందీ ఆ ఏడాదే. పూర్తి పేరు పంచాయత్ యువ క్రీడా ఔర్ ఖేల్ అభియాన్. పదేళ్లలో అన్ని పంచాయతీల్లోనూ మైదానాలు ఉండాలన్నది లక్ష్యం. పంచాయతీకి ఒకసారి లక్ష రూపాయలు, ఆట సామానుకు ఏటా 10 వేలు, నిర్వహణకు 12 వేలు. పిల్లలను ఆడించడానికి ‘క్రీడాశ్రీ’ పేరుతో ఓ కార్యకర్త. అంతా బాగుంది, నేల మాత్రం ఊరే చూసుకోవాలి! లక్షతో నేల చదును చేయించవచ్చు. విమానాశ్రయం పక్కన కొనడం అయ్యే పనేనా?

పదేళ్లు నిండకుండానే, 2014లో పైకా స్థానంలో రాజీవ్ గాంధీ ఖేల్ అభియాన్ వచ్చింది. రెండేళ్లకు అదీ ‘ఖేలో ఇండియా’లో కలిసింది. 2022లో తెలంగాణ ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టింది. 2025 జులై 1న కేంద్ర మంత్రివర్గం ‘ఖేలో భారత్ నీతి’ని ఆమోదించింది. ఆటను ప్రజా ఉద్యమంగా మార్చాలని అందులో రాసుకున్నారు. పేరు ఏదైనా మొదటి పని స్థలం వెతకడమే.

చోటు కురచైతే ముందుగా ఆటకు దూరమయ్యేది ఆడపిల్లలే. ప్రహరీ, గేటు, లైట్లు ఉన్న మైదానమైతే అమ్మానాన్నలు ధైర్యంగా పంపుతారు. ముళ్లపొదల పక్కన ప్లాటుకు ఎవరు పంపుతారు? తమ్ముడు బ్యాటింగ్ చేస్తుంటే అక్క గడపలో నిలబడి చూస్తుంది.

బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. ఎంత ఉండాలో చెప్పలేదు! లేఅవుట్ వేసినవాళ్లు పార్కులకు, ఆటలకు కొంత జాగా వదలాలన్న నిబంధనా ఉంది. ప్లాటు కొనేటప్పుడు రోడ్డు వెడల్పు అడుగుతాం, నీళ్ల గురించి అడుగుతాం, వాస్తు చూపిస్తాం. నక్షాలో ఆకుపచ్చ రంగు వేసిన ఆ ముక్క నేల మీద ఎక్కడుందో చూపించమని అడిగేవాళ్లు తక్కువ.