వసంత ఋతుచర్య – పక్షి దర్శనం

చైత్రమాసం ప్రవేశించగానే దగ్గు, పడిశం, ఆయాసం, అరుచి, ఒళ్ళు బరువు అంటూ వైద్యుని వద్దకు వచ్చేవారి సంఖ్య పెరుగుతుంది. హేమంత శిశిరాలలో సంచితమైన కఫం వసంత సూర్యుని వేడికి కరిగి, జఠరాగ్నిని మందగింపజేసి, అనేక వ్యాధులకు కారణమవుతుందని చరకాచార్యుడు సూత్రస్థానం ఆరవ అధ్యాయంలో వివరించాడు. కనుకనే ఈ ఋతువులో వ్యాయామం విధింపబడింది. పగటినిద్ర, గురుపదార్థాలు, అతిగా తీపి, పులుపు, జిడ్డు నిషేధింపబడినాయి.

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో మరొక మాట చెప్పాడు. దక్షిణపు గాలి వీచే, చుట్టూ నీరు పారే, కోకిలల కూతలతో నిండిన వనాలలో, మిత్రులతో కబుర్లు చెప్పుకుంటూ వసంత మధ్యాహ్నాలు గడపమన్నాడు. దీనిని వర్ణనగా భావించి దాటిపోయేవారే ఎక్కువ. నా ఉద్దేశంలో ఇది వైద్యవిధి. పగటినిద్ర పట్టకుండా మనస్సును ప్రసన్నంగా, జాగరూకంగా నిలిపే ఉపాయమిది. మన ఎండలకు మధ్యాహ్నం బదులు ప్రాతఃకాలం ఎంచుకోవడం శ్రేయస్కరం.

పక్షులను గుర్తించే శాస్త్రమార్గం

పక్షి పేరు తెలియలేదని నిరుత్సాహపడనవసరం లేదు. మన ప్రాచీనులు పక్షులను అవి ఆహారం గ్రహించే తీరును, సంచరించే చోటును బట్టి వర్గీకరించారు. గురుకులంలో మా గురువుగారు ఓషధుల సేకరణకై తెల్లవారుజామున అడవికి తీసుకొనిపోయి, ఒక చెట్టు క్రింద మౌనంగా కూర్చుండబెట్టి, ఈ వర్గాలను కంటితో చూపి నేర్పేవారు.

1. విష్కిరాలు: కాళ్ళతో నేలను గీరి, చెదరగొట్టి తినేవి. నెమలి, కౌజు, కోడి.
2. ప్రతుదాలు: ముక్కుతో పొడిచి తినేవి. చిలుక, గోరింక, పావురం, పిచ్చుక, కోకిల, వడ్రంగిపిట్ట.
3. ప్రసహాలు: బలంతో లాక్కొని తినేవి. కాకి, డేగ, గుడ్లగూబ.
4. జలచరాలు: నీటిని ఆశ్రయించినవి. కొంగలు, హంసలు, బాతులు.

మొదట వర్గం గుర్తించండి. తరువాత ముక్కు, తోక, రంగు, కూత గమనించండి. పేరు దానంతట అదే తెలుస్తుంది.

పెరటిలో

మందార, మునగ పువ్వులకు తేనెపిట్టలు వస్తాయి. కరివేప పండ్లను పిగిలిపిట్టలు, కోకిలలు ఇష్టంగా తిని, విత్తనాలను నలుదిక్కులా వెదజల్లుతాయి. వేప, మేడి, రావి ఉంటే గోరింకలకు కొదువలేదు. ఔషధోపయోగం గల ఈ చెట్లే పక్షులకు అన్నశాలలు. కూసే మగకోకిల నల్లనిది, కన్ను ఎర్రనిది. ఆడది గోధుమరంగుపై తెల్లని చుక్కలతో ఉంటుంది. తన గుడ్లను కాకి గూటిలో పెట్టే దాని స్వభావం ఎరిగిన పూర్వులు దానిని ‘పరపుష్ట’ అన్నారు.

లోతులేని మట్టిమూకుడులో నీరు ఉంచండి. ప్రతిదినం కడిగి మార్చండి. నిలవ నీటిలో దోమలు పెరుగుతాయి.

ఊరి వెలుపల

హైదరాబాదు వాసులకు కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానంలో నెమళ్ళ కేక వినే భాగ్యముంది. గుంటూరు సమీపాన ఉప్పలపాడు గ్రామపు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. సూళ్ళూరుపేట సమీపాన 1976లో ఏర్పడిన నేలపట్టు రక్షితకేంద్రంలో గూడబాతులు నీటిలో నిలిచిన కణప చెట్లపై సంతానం పెంచుతాయి. ఆ కణపనే సంస్కృతంలో నిచులమంటారు. అదీ మన ఓషధియే. నేలపట్టులోను, పులికాట్ సరస్సు రాజహంసల విషయంలోను శీతకాలమే ముఖ్యకాలం. వసంతం ముదిరేకొద్దీ పక్షులు తరలిపోతాయి గనుక ఆలస్యం చేయరాదు. పొలాల గట్లపై మాత్రం ఇదే అదను. పాలపిట్ట గాలిలో పల్టీలు కొడుతూ జతను ఆకర్షించే కాలమిది.

ఒక ముఖ్యమైన హెచ్చరిక

జెముడుకాకి మాంసం తింటే దగ్గు, క్షయ, ఉబ్బసం తగ్గుతాయా అని నన్ను అడిగేవారు నేటికీ ఉన్నారు. శోషరోగికి బలం కోసం మాంసరసాలను శాస్త్రం చెప్పిన మాట నిజమే. కాని అది పోషణకు సంబంధించిన మాట. జెముడుకాకిని చంపి తింటే క్షయ నయమవుతుందనడం అపచారం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం కూడా. అంతకు మించిన ప్రమాదం మరొకటి ఉంది. ఆ మాంసాన్ని నమ్ముకొని గడిపిన నెలలలో క్షయ ఊపిరితిత్తులను తినివేస్తుంది, ఇంటిల్లిపాదికీ సోకుతుంది. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నచో తెమడ పరీక్ష తప్పక చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష, మందులు ఉచితం. మందులు పూర్తికాలం వాడాలి. ఆయుర్వేద వైద్యుడనైన నేనే ఈ మాట చెబుతున్నానని పాఠకులు గమనించగలరు.

పాటించవలసిన నియమాలు

• సూర్యోదయానికి బయలుదేరి, ఎండ ముదరక ముందే తిరిగి రావాలి.
• వసంతంలో వ్యాయామం అర్ధశక్తితోనే చేయాలి. నుదుట చెమట పట్టి, నోరు ఎండి, నోటితో ఊపిరి తీయవలసి వచ్చినపుడు ఆగిపోవాలి.
• దూరపు కొమ్మలపై చూపు నిలపడం దగ్గరి పనితో అలసిన కంటికి విశ్రాంతి. దృష్టిదోషం దీనితో పోదు. దుర్భిణితో సూర్యుని వైపు ఎన్నడూ చూడరాదు.
• ఉబ్బసం గలవారు పూలపుప్పొడి, ధూళి గల చోట్లకు పోరాదు. వాడుతున్న మందులు మానరాదు.
• పావురాల ఎండురెట్ట ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కిటికీల వద్ద వాటికి గింజలు వేయడం మానండి.
• చనిపోయిన పక్షిని తాకరాదు. 2025లో గోదావరి జిల్లాల కోళ్ళకు పక్షిజ్వరం సోకిన సంగతి విదితమే. పశువైద్యశాఖకు తెలియజేయండి.
• గూళ్ళ సమీపానికి పోరాదు. తల్లి బెదరి లేచిపోతే గుడ్లు ఎండకు చెడిపోతాయి.

వెంట తీసుకొనిపోవలసిన పానీయం

తుంగముస్తలు పది గ్రాములు దంచి, లీటరు నీటిలో సగం మిగిలేవరకు కాచి, వడగట్టి త్రాగాలి. ముస్తలకు బదులు ఐదు గ్రాముల శొంఠి వేయవచ్చు. కడుపులో మంట, పుండు గలవారికి శొంఠి పనికిరాదు. మధుమేహం లేనివారు పూర్తిగా చల్లారిన తరువాత చెంచాడు తేనె కలుపుకోవచ్చును. ఈ పానీయాలన్నీ వాగ్భటుడు వసంతానికి చెప్పినవే.

తిరిగి వచ్చిన తరువాత పాతబియ్యపు అన్నమో, గోధుమరొట్టెయో, పెసరకట్టుతో మితంగా భుజించండి. ఆనాడు చూచిన పక్షులను, వేళను, చెట్టును ఒక పుస్తకంలో వ్రాసుకొని, పిల్లలచేత కూడా వ్రాయించండి. రెండు మాసాలు ఈ విధంగా ఆచరించినచో కఫం లఘువై, ఆకలి వృద్ధి చెంది, మనస్సు తేటపడుతుంది.