యూజర్‌స్క్రిప్ట్‌లో లైబ్రరీ: అపోహలు – వాస్తవాలు

వెబ్ పేజీలో అక్కర్లేనిది దాచి, కావలసినది చేర్చుకోవడానికి మనం రాసుకునే చిన్న జావాస్క్రిప్ట్ ప్రోగ్రామే యూజర్‌స్క్రిప్ట్. వీటిని నడిపే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌ను మేనేజర్ అంటారు. 2005లో ఫైర్‌ఫాక్స్‌కు గ్రీస్‌మంకీ అనే మేనేజర్ వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా వినబడే పేర్లు టాంపర్‌మంకీ, వయలెంట్‌మంకీ. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి మొదటి మెట్టు లేదని నా నమ్మకం. రాసింది రోజూ చూసే పేజీలోనే కనబడుతుంది మరి. అందుకే లైబ్రరీల (మన స్క్రిప్ట్‌లో కలుపుకునే, వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్) విషయంలో పాతుకుపోయిన అపోహలు తొలగాలి.

అపోహ: జేక్వెరీ లేనిదే పని జరగదు.

2006లో జాన్ రెసిగ్ ఈ జావాస్క్రిప్ట్ లైబ్రరీని విడుదల చేసిన రోజుల్లో ఒక్కో బ్రౌజర్‌ది ఒక్కో తీరు. ఆ తేడాలను జేక్వెరీ కప్పిపెట్టింది. ఇప్పుడు పేజీలో భాగాన్ని వెతికే క్వెరీసెలెక్టర్, సర్వర్ నుంచి సమాచారం తెచ్చే ఫెచ్ అన్ని బ్రౌజర్లలోనూ ఉన్నాయి. ఒక బటన్ దాచడానికి అంత లైబ్రరీ దండగ.

అపోహ: పేజీ లోడయ్యాక కొన్ని సెకన్లు ఆగితే మనం వెతికే భాగం దొరుకుతుంది.

కొత్తవాళ్ల స్క్రిప్ట్‌లు ఎక్కువగా చెడేది ఇక్కడే. యూట్యూబ్ లాంటి సైట్లలో ఒక వీడియో నుంచి ఇంకోదానికి వెళ్లినా పేజీ మళ్లీ లోడవదు, లోపలి భాగాలే మారతాయి. స్క్రిప్ట్ మాత్రం ఒక్కసారే నడిచి ఊరుకుంటుంది. నెట్ నెమ్మదిస్తే ఆ ఆగిన సెకన్లూ చాలవు. దీనికోసం పుట్టిన వెయిట్‌ఫర్‌కీఎలిమెంట్స్ అనే పాత సాధనం జేక్వెరీ సాయంతో 300 మిల్లీసెకన్లకోసారి పేజీని వెతుకుతుంది. అంతకంటే మేలైనది బ్రౌజర్‌లోనే ఉన్న మ్యుటేషన్ అబ్జర్వర్: పేజీ మారినప్పుడు అదే కబురు చెబుతుంది. వయలెంట్‌మంకీ వాళ్ల డామ్ లైబ్రరీలోని అబ్జర్వ్ ఫంక్షన్ దీన్ని తేలిక చేస్తుంది. పని అయ్యాక మన ఫంక్షన్ ట్రూ అని తిరిగిస్తే నిఘా ఆగిపోతుంది. మనం చేసిన మార్పే మళ్లీ మన ఫంక్షన్‌ను పిలిచి అంతులేని చక్రంలో పడకుండా చూసుకోవడం మాత్రం మన బాధ్యతే. ఏ లైబ్రరీ వాడినా, పేజీ ఎలా కదులుతుందో డెవలపర్ టూల్స్‌లో మనమే చూడాలి.

అపోహ: పేరున్న లైబ్రరీ కాబట్టి భయం లేదు.

స్క్రిప్ట్ మొదట్లో రాసే రిక్వైర్ లైన్‌తో తెచ్చుకున్న లైబ్రరీ కోడ్ మన స్క్రిప్ట్‌కున్న అనుమతులతోనే నడుస్తుంది. మనం లాగిన్ అయి ఉన్న పేజీలో ఏముందో అదీ చదవగలదు. కాబట్టి లైబ్రరీ చిరునామాలో "లేటెస్ట్" అని వదిలేయకుండా వెర్షన్ నంబర్ రాయండి; టాంపర్‌మంకీలోనైతే ఫైల్‌కు వేలిముద్ర లాంటి హాష్ కూడా చేర్చవచ్చు, ఫైల్ మారితే అది పట్టేస్తుంది. స్క్రిప్ట్ ఎక్కడ నడవాలో చెప్పే మ్యాచ్ లైన్‌లో అవసరమైన సైటే ఉండాలి, అనుమతులు అడిగే గ్రాంట్ లైన్‌లో అవసరమైన అనుమతే ఉండాలి.

అపోహ: ఒక మేనేజర్‌లో నడిచింది అన్నిట్లోనూ నడుస్తుంది.

2017లో గ్రీస్‌మంకీ 4 తన ఫంక్షన్ల పేర్లు మార్చి, జవాబులను వెంటనే కాక, తర్వాత అందే ప్రామిస్‌లుగా ఇవ్వడం మొదలుపెట్టింది. దాంతో ఎన్నో పాత స్క్రిప్ట్‌లు ఆగిపోయాయి. ఆ బృందమే ఇచ్చిన, ఈ తేడాను పూడ్చే పాలీఫిల్ లైబ్రరీని కలుపుకుంటే కొత్త పేర్లతో రాసిన స్క్రిప్ట్ పాత పద్ధతి మేనేజర్లలోనూ పనిచేస్తుంది.