కోతలరాయుడు పాల్ బన్యన్

మిన్నెసోటాకు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు బెమిడ్జీ వెళ్తే సరస్సు ఒడ్డున ఉన్న ఆ పెద్ద బొమ్మ పక్కన ఫొటో దిగకుండా తిరిగిరారు. గళ్ల చొక్కా, గుబురు మీసం, పక్కనే నీలి ఎద్దు. అడవుల్లో చెట్లు నరికేవాళ్లు చెప్పుకునే కథల్లోని మహాకాయుడు పాల్ బన్యన్ అతను. 18 అడుగుల ఆ బొమ్మను 1937లో నిలబెట్టారు.

పిల్లలు అడిగితే మొదట్లో ‘ఇక్కడి భీముడు’ అని సరిపెట్టేవాణ్ణి. పోలిక మరీ తప్పేం కాదు. మహబూబాబాద్ జిల్లా అడవిలో భీముని పాదం పడ్డచోట జలపాతం పుట్టిందంటారు. ఇక్కడేమో బన్యన్, అతని ఎద్దు బేబ్ నడిచిన గుంటలే పదివేల సరస్సులయ్యాయంటారు. తిండి దగ్గరా భీముడికి తీసిపోడు. అతని శిబిరంలో అట్లపెనం ఎంత పెద్దదంటే, పనివాళ్లు కాళ్లకు పందిమాంసం ముక్కలు కట్టుకుని, దానిమీద జారుతూ జిడ్డు పట్టించేవారట. బేబ్ రెండు కళ్ల మధ్య దూరం 42 గొడ్డలి కర్రలు, ఆపైన ఒక పొగాకు ముక్క! నాకు ముచ్చటేసేది ఆ పొగాకు ముక్కే. అబద్ధమాడినా కొలత పక్కాగా ఉండాలి మరి. పగలంతా చలిలో తెల్ల పైన్ చెట్లు కోసినవాళ్లు రాత్రి పొయ్యి చుట్టూ చేరి కోతలు కోయడంలో వింతేముంది!

ఆ కోతల్ని దేశమంతా మోసింది మాత్రం ఓ కలప కంపెనీ. రెడ్ రివర్ లంబర్ కంపెనీ 1914లో ప్రకటన కోసం బన్యన్ కథలతో చిన్న పుస్తకం వేసింది. రాసి, బొమ్మలు గీసిన విలియం లాఫెడ్ కుర్రతనంలో మిన్నెసోటా శిబిరాల్లో పనిచేసినవాడే. 1950లో జానపద పరిశోధకుడు రిచర్డ్ డోర్సన్ ఇలాంటి సరుకును ‘ఫేక్‌లోర్’ అని తీసిపారేశాడు. ఆయన కోపం నాకు సగమే ఎక్కుతుంది. దుకాణం ముద్ర పడ్డంత మాత్రాన కథ చెప్పుకునేవాళ్లది కాకుండా పోతుందా?

నన్ను గుచ్చేది వేరే సంగతి. ఆ పుస్తకం అట్టమీద బన్యన్‌ది కాలిఫోర్నియాలోని వెస్ట్‌వుడ్ అని ఉంటుంది. ఇక్కడి పైన్ తరిగిపోతుంటే కంపెనీ కొత్త అడవి వెతుక్కుని అటు మకాం మార్చింది. పోతూ పోతూ కథానాయకుణ్ణీ వెంటబెట్టుకుపోయింది.

ఆ కంపెనీ అధిపతి టి.బి. వాకర్. చుట్టాలొస్తే మినియాపొలిస్‌లో చెంచా మీది చెర్రీపండు శిల్పం ఉన్న తోట చూపిస్తామే, దాని పక్కనున్న వాకర్ ఆర్ట్ సెంటర్‌కు ఆయన పేరే. ఆయన కొన్న చిత్రాల వెనక ఉన్నది దుంగల డబ్బే. ఈసారి ఎవరైనా వస్తే బెమిడ్జీ బొమ్మ కంటే ముందు అక్కడికే తీసుకెళ్దామనుకుంటున్నా.