తంబూరకు తీగలు: ఏవి కొనాలి, ఎట్లా వేయాలి



"సార్, ఫోన్‌లోనే శ్రుతి వస్తుంది కదా, ఆ పాత తంబూరకు మళ్లీ తీగలు కొనడం దేనికి?" అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు పెద్దలు అడిగారు. ఫోన్ పెట్టుకుని పాడుకోండి, నేను వద్దనను. కానీ ఫోన్‌లో శ్రుతి తయారుగా వచ్చేస్తుంది. తంబూరలోనైతే పిల్లవాడు చెవి పెట్టి వెదికి పట్టుకోవాలి. చెవి తయారయ్యేది ఆ వెదుకులాటలోనే. పైగా కైవారం తాతయ్య తత్వాలు పాడుకునే ప్రాంతం మనది. తాతల కాలం తంబూర ఇంట్లో ఉండి కూడా, తీగలు వేయడం చేతకాక గోడకు వేలాడదీస్తే ఏం బాగుంటుంది?

తంబూరకు నాలుగు తీగలు. మొదటిది పంచమం, నడిమి రెండూ షడ్జం, చివరిది వాటికి ఒక స్థాయి కింద పలికే మంద్ర షడ్జం. మామూలుగా మొదటి మూడూ ఉక్కువి, నాలుగోది ఇత్తడిది. నాలుగూ ఉక్కువే వేస్తే పోదా అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. పొడవూ లావూ మార్చకుండా ఒక తీగను ఒక స్థాయి కిందికి దించాలంటే బిగింపును నాలుగో వంతుకు తగ్గించాలి. అంత వదులైతే అది పలకదు, గలగలమంటుంది. అందుకే అక్కడ లావుగా, బరువుగా ఉండే తీగ కావాలి. ఘన సెంటీమీటరు ఉక్కు సుమారు 7.8 గ్రాములు తూగితే ఇత్తడి సుమారు 8.5 గ్రాములు తూగుతుంది. కానీ ఇత్తడికి ఉక్కుకున్నంత బలం లేదు. పొరపాటున నాలుగో తీగను పై షడ్జానికి ఎక్కించబోతే నాలుగింతల లాగుడు పడుతుంది. అది శ్రుతి చేరకముందే పుటుక్కుమంటుంది.

రసమంజరి కార్యక్రమాల్లో బేస్ గిటార్ చూసిన పిల్లలకు ఒక మాట. దాని తీగలకూ కావలసింది బరువే. అయితే అక్కడ నడిమి తీగ మీద ఇంకో తీగ చుట్టి బరువు పెంచుతారు. గుండ్రటి తీగ చుడితే వేలు జరిపినప్పుడు కీచుమంటుంది. చదునైన పట్టీ చుడితే నున్నగా ఉండి, నాదం మెత్తగా వస్తుంది. తంబూర తీగల మీద వేళ్లు జరిపే పనే లేదు కాబట్టి మనకు ఆ ఖర్చు అక్కరలేదు.

అంగడిలో తీగ లావును నంబరుతో చెబుతారు. బ్రిటిష్ గేజి లెక్కలో నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నమవుతుంది: 28 నంబరు 0.376 మిల్లీమీటర్లు, 30 నంబరు 0.315. కొందరి నంబర్లు వేరే లెక్కలో, తిరగేసి కూడా ఉంటాయి. కాబట్టి నంబరును నమ్ముకోకండి. పాత తీగను మన ప్రయోగశాల స్క్రూగేజితో కొలిచి, మిల్లీమీటర్లు రాసుకుని వెళ్లండి. ఏ శ్రుతికి పాడతారో కూడా చెప్పాలి. ఐదు శ్రుతికి పాడే ఆడపిల్లల తంబూర తీగలు, ఒకటి శ్రుతికి పాడే మగవాళ్లకు పనికిరావు. కింది శ్రుతికి లావు తీగలు కావాలి.

ఇక వేయడం. నాలుగు తీగలూ ఒకేసారి ఊడదీయకండి. బిగింపు పూర్తిగా పోతే గుర్రం, అంటే బ్రిడ్జి, కదిలిపోతుంది. ఒకటి తీసి, దాని చోట కొత్తది వేసి, తర్వాత రెండోదాని జోలికి వెళ్లండి. ముందు తీగ కొసను ఉచ్చులా మెలిపెట్టి కుండ అడుగున తగిలించాలి. వెంటనే పూస ఎక్కించాలి. చాలామంది మరిచిపోయేది దీన్నే, మరిస్తే మళ్లీ మొదటికే! తర్వాత గుర్రం మీదుగా, మేరువు మీదుగా బిరడాకు తెచ్చి, రంధ్రంలో దూర్చి, చుట్లు ఒకదాని పక్కన ఒకటి పడేట్టు తిప్పాలి. తిప్పేటప్పుడు బిరడాను లోపలికి నొక్కుతూ ఉండాలి. జారుతుంటే కాస్త సుద్దముక్క పొడి రాయండి, అది బడిలో కొదవలేదు. తీగ ఎక్కడా మడతపడకూడదు, తెగేది ఆ మడత దగ్గరే. బిగించేవాళ్లు మొహం పక్కకు పెట్టుకోవాలి, చిన్నపిల్లలు వంగి చూడకూడదు. తెగిన తీగ కంటికి తగిలితే చిన్న విషయం కాదు.

శ్రుతి దగ్గరికి వచ్చాక పూసను కొద్దికొద్దిగా జరిపి సరిచేసుకోవాలి. ఆఖరున జీవాళి: గుర్రానికీ తీగకూ నడుమ ఒక నూలుపోగు పెట్టి, మెల్లగా అటూ ఇటూ జరుపుతూ మీటండి. ఒకచోట నాదం ఉన్నట్టుండి విచ్చుకుంటుంది. అక్కడ ఆపేయాలి. ఇది నేను రాస్తే తెలిసేది కాదు, వినాలి. కొత్త తీగలు ఒకటి రెండు రోజులు సాగి శ్రుతి దిగుతాయి, కంగారుపడకండి.

కత్తిరించిన ముక్కలను కాగితంలో చుట్టి విడిగా పారేయండి. చెత్తలోనో మేతలోనో కలిస్తే ఆవు మింగుతుంది, కడుపులో గుచ్చుకుని ప్రాణం మీదికి వస్తుంది.

వచ్చే శనివారం ఒంటిపూట బడి వదిలాక మన తంబూరకు తీగలు వేస్తాం. ఇంట్లో తంబూర ఉన్నవాళ్లు తీసుకురావచ్చు. తుప్పుపట్టినవైనా సరే, పాత తీగలు తీసేయకుండా తెండి, లావు కొలవాలి.