ఇంటికి ఒకటే ఫోను... వంతు ఎవరిది?

ఉట్నూరు: పొద్దు గూకితేగాని ఆ ఇంట్లో పాఠం మొదలు కాదు. ఉన్నది ఒక్క ఫోను. తెల్లవారగానే అది తండ్రి జేబులో పత్తి చేనుకు పోతుంది. బడిలో ఇచ్చిన హోంవర్కు వాట్సప్‌లో వచ్చి పడి ఉంటుంది. తండ్రి ఇల్లు చేరగానే ముందు వంతు ఏడో తరగతి చదివే కొడుకుది. తొమ్మిదో తరగతి చదివే కూతురు వంట ముగించి ఫోను అందుకునేసరికి చార్జింగైనా అయిపోతుంది, ఆ రోజు డేటా అయినా అయిపోతుంది. ఏజెన్సీ గూడేల్లో ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు.

కరోనా వల్ల 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు చెప్పారు. టీవీ ఉన్నవారు టీవీ ముందు, ఫోను ఉన్నవారు ఫోను ముందు కూర్చున్నారు. రెండూ లేనివారు పక్కింటి గడప పట్టుకు నిలబడ్డారు. సిగ్నలు కోసం గుట్టలెక్కిన పిల్లలూ ఉన్నారు. తర్వాత బడులు తెరిచారు. అయినా చదువులో ఫోను పాత్ర మాత్రం తగ్గలేదు.

2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలోని పట్టణాల్లో నూటికి 23 ఇళ్లలో కంప్యూటరు ఉంటే, పల్లెల్లో నాలుగిళ్లలోనే ఉంది. ఇంటర్నెట్ పట్టణాల్లో నూటికి 42 ఇళ్లకు, పల్లెల్లో 15 ఇళ్లకు అందింది. ఆ తర్వాత పల్లెల్లోనూ ఫోన్లు పెరిగాయి. అయితే ఇంటికొక ఫోను ఉంటే పిల్లలందరికీ అందినట్లేనా? అందులోనూ ఆడపిల్ల వంతు చివరిదే అవుతోంది.

బడిలో కంప్యూటర్లు పెడితే ఈ తేడా కొంత తీరుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చి, బోధకులను కాంట్రాక్టు మీద పెట్టారు. అయిదేళ్ల గడువు తీరింది. బోధకులు వెళ్లిపోయారు. చాలాచోట్ల ఆ గదులకు తాళాలు పడ్డాయి. యంత్రం కొనడం ఒక్కసారి ఖర్చు. నేర్పే మనిషి, కరెంటు, మరమ్మతు ఏటా కావాలి. అది మరిచిపోతే కొన్నదంతా దుమ్ము పాలే.

గూడేల పిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరాలి. కనుక మధ్యాహ్న భోజనం తర్వాత కంప్యూటరు గది తెరిచి, ఒక్కొక్కరికీ వంతు కేటాయించాలని, బోధకులను నియమించాలని తల్లిదండ్రులు కోరుతున్నారు. వంట ముగిశాక ఫోను కోసం ఎదురుచూసే ఆ అమ్మాయికి కావలసింది రోజుకు ఒక అరగంట. అధికారులు ఆ మాత్రం ఏర్పాటు చేయగలరు.