వర్తకుల మండలి – మన వంటిల్లు



పేపర్లో 'ఛాంబర్ ఆఫ్ కామర్స్' అన్న మాట కనబడగానే మనం పేజీ తిప్పేస్తాం. అదేదో మగవాళ్ల వ్యవహారం, పెద్ద పెద్ద సేట్ల సంగతి, మనకెందుకులే అనుకుంటాం. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. తెలుగులో దాన్ని వాణిజ్య మండలి అంటారు. దాని సంగతి నాకు పుస్తకాల వల్ల కాదు, మా ఇంట్లోనే తెలిసింది.

నా చిన్నతనంలో చిత్తూరులో మా నాయనకు బెల్లం అంగడి ఉండేది. ఒకసారి ఆయన పైఊరికి పంపిన సరుకు దారిలో వానకు తడిసి కరిగిపోయింది. లారీ మీద పట్టా సరిగ్గా కప్పలేదు. రవాణా వాళ్లకు మా నాయన నాలుగు ఉత్తరాలు రాసినారు. ఒక్కదానికీ జవాబు లేదు. ఆ నెల మా అమ్మ చేతిగాజులు తాకట్టుకు పోయాయి. చివరికి ఆ వీధి వర్తకులంతా ఒకే కాగితం మీద సంతకాలు చేసి పంపారు. వారం తిరక్కుండా మనిషి వచ్చాడు. నష్టమంతా రాలేదు గానీ సగమన్నా చేతికొచ్చింది, గాజులూ ఇంటికొచ్చాయి. "ఒక్కడి ఉత్తరం చెత్తబుట్టలోకి పోతుంది, పదిమంది ఉత్తరం బల్లమీదికి పోతుంది" అనేవారు మా నాయన.

వాణిజ్య మండలి అంటే ఇదే పని పెద్ద ఎత్తున చేయడం. వర్తకులు, మిల్లుల వాళ్లు, ఫ్యాక్టరీల వాళ్లు చందాలు కట్టి నడుపుకునే సంఘం అది. సర్కారు ఆఫీసు కాదు. పన్ను వేసే అధికారం దానికి లేదు. కానీ పన్ను ఎక్కువైతే, రైలు వ్యాగన్లు దొరక్కపోతే, రేవులో సరుకు నిలిచిపోతే, అందరి తరఫునా అడిగే నోరు అది.

ఈ పద్ధతి ఇప్పటిది కాదు. ఫ్రాన్సులో మార్సెయ్ అనే రేవు పట్టణంలో 1599లోనే ఇట్లాంటి మండలి పెట్టుకున్నారు. మన దక్షిణాదిలో 1836లో మద్రాసు ఛాంబర్ వచ్చింది. అయితే అది దొరల కంపెనీలది. మనవాళ్ల గోడు చెప్పుకోవడానికి 1909లో సదరన్ ఇండియా ఛాంబర్ పుట్టింది. దాని మొదటి అధ్యక్షులు పిట్టి త్యాగరాయ చెట్టిగారు తెలుగువారే. పెళ్లి పట్టుచీరలకని మనం పరుగెత్తే టి.నగర్ ఆయన పేరు మీదిదే!

ఆ తర్వాత 1928లో, ప్రత్యేకంగా తెలుగు వర్తకుల కోసం, ఆంధ్ర ఛాంబర్ ఆఫ్ కామర్స్ మద్రాసులోనే ఏర్పడింది. మద్రాసులో ఎందుకంటారా? అప్పుడు మన జిల్లాలన్నీ మద్రాసు రాజధానిలోవే కదా. రేవు, బ్యాంకులు, పెద్ద కచేరీలు అన్నీ అక్కడే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడినా ఆ సంస్థ మద్రాసును వదలలేదు.

రాష్ట్రం వేరైతే వ్యాపారానికి వచ్చే చిక్కు మన ప్రాంతం వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? 1960లో సరిహద్దు మార్చినప్పుడు మన జిల్లాలోని తిరుత్తణి అవతలి రాష్ట్రానికి పోయింది. నిన్నటిదాకా పక్క ఊరైనది ఇవాళ పరాయి రాష్ట్రం. రెండు చోట్లా వేర్వేరు అమ్మకం పన్నులు, రోడ్డు మీద చెక్‌పోస్టులు. లారీ అక్కడ నిలబడ్డ ప్రతి గంట ఖర్చూ చివరికి మన సంచిలోని సరుకు మీదే కదా పడేది! దేశమంతా ఒకే పన్ను విధానం కావాలని వాణిజ్య మండళ్లు ఏళ్ల తరబడి అడిగాయి. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చింది, పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. వచ్చినాక లెక్కల దస్త్రాలతో చిన్న అంగళ్ల వాళ్లు సతమతమైతే, ఆ గోడు మోసిందీ ఈ మండళ్లే.

ఇంకో పని చూడండి. మన చిత్తూరు తోతాపురి మామిడి గుజ్జు విదేశాలకు పోతుంది. 'ఈ సరుకు ఫలానా దేశంలో తయారైంది' అని ధ్రువపత్రం కావాలని కొన్ని దేశాలు అడుగుతాయి. అట్లాంటి పత్రాలు ఇచ్చే అధికారం చాలా వాణిజ్య మండళ్లకు ఉంది. వర్తకుల మధ్య తగాదా వస్తే కోర్టుకెక్కకుండా మధ్యవర్తిత్వం చేసి తీర్చే మండళ్లూ ఉన్నాయి.

"అందరూ ఒకటై ధర పెంచుకోడానికేమో!" అంటారా? మా పక్కింటి అక్క సరిగ్గా ఈ మాటే అడిగింది. అడగవలసిన మాటే. వ్యాపారులు కూడబలుక్కుని ధర కట్టడం చట్టవిరుద్ధం. దానికోసమే 2002లో కాంపిటీషన్ చట్టం చేశారు. అయినా ఒక్క సంగతి మరవకూడదు. మండలి వర్తకుల పక్షం. అక్కడ కొనేవాళ్లకు కుర్చీ లేదు. మన కుర్చీ వేరేచోట ఉంది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది, దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. తూకంలో మోసం, కల్తీ సరుకు ఏదైనా సరే, బిల్లు చేతిలో ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు మనమే ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఇక మనలో అప్పడాలు, ఊరగాయలు, కుట్టుపనులతో నాలుగు రూపాయలు సంపాదించేవారున్నారు. వాళ్లు వర్తకులు కారా? 1993లో మన రాష్ట్రంలో మహిళా పారిశ్రామికులు 'అలీప్' అనే సంఘం పెట్టుకున్నారు. హైదరాబాదు దగ్గర గాజులరామారంలో ఆడవాళ్ల కోసమే ఒక పారిశ్రామిక వాడ సాధించుకున్నారు. ఒంటరిగా అడిగి ఉంటే ఎవరిచ్చేవారు చెప్పండి?

అందుకని ఈసారి పేపర్లో ఆ మాట కనబడితే పేజీ తిప్పకండి. వర్తకులు ఏం అడుగుతున్నారో చదవండి. అందులో మనకు మేలున్నది ఎంత, భారం ఎంత అని లెక్క వేయండి. వీధిలో పదిమంది ఆడవాళ్లం కూడితే మన ఉత్తరం కూడా బల్లమీదికే పోతుంది.