ప్రాస్పరిటీ గాస్పెల్: కానుక ఇస్తే అప్పులు తీరిపోతాయా? ఈ బోధను పాస్టర్లే ఎందుకు తప్పుపడుతున్నారు?

కానుక ఇస్తే అప్పులు తీరతాయి. విశ్వాసం గట్టిగా ఉంటే రోగం పోతుంది. ఇల్లు, కారు, ప్రమోషన్ అన్నీ వస్తాయి. ఇలా చెప్పే బోధనే ప్రాస్పరిటీ గాస్పెల్ అంటారు. తెలుగులో ఐశ్వర్య సువార్త అనుకోవచ్చు. నాస్తికులు దీన్ని విమర్శించడంలో వింతేం లేదు. కానీ అందరికంటే గట్టిగా తప్పుపడుతున్నది క్రైస్తవ పండితులు, పాస్టర్లే. వాళ్ల అభ్యంతరం ఒక్క డబ్బు గురించే కాదు.

విత్తనం లెక్క ఏంటి?

ఈ బోధ పెరిగింది అమెరికాలో. టీవీ ప్రసంగాలతో ఫేమస్ అయిన ఓరల్ రాబర్ట్స్, కానుకను విత్తనంతో పోల్చారు. ఇప్పుడు ఇస్తే తర్వాత పంట వస్తుందన్నమాట. 1987లో అయితే 80 లక్షల డాలర్లు రాకపోతే దేవుడు తనను పైకి తీసుకెళ్లిపోతాడని ఏకంగా టీవీలోనే చెప్పారు. డబ్బు వచ్చింది. అందులో 13 లక్షల డాలర్లు ఇచ్చింది ఎవరో తెలుసా? ఫ్లోరిడాలో కుక్కల రేసులు నడిపే వ్యాపారి!

ఈ విత్తనం మాట తెలుగు ప్రసంగాల్లోనూ వినిపిస్తుంది. అయితే వేసిన ప్రతి విత్తనం మొలవదని మన రైతుల్లో ఎవరిని అడిగినా చెబుతారు. మొలవకపోతే రైతు విత్తనాన్ని అనుమానిస్తాడు, అమ్మినవాణ్ని నిలదీస్తాడు. ఇక్కడ మాత్రం తప్పు ఇచ్చినవాడి మీదకే వస్తుంది. 'నీ విశ్వాసం చాల్లేదు' అంటారు. అసలు గొడవంతా ఇక్కడే.

ఆ వచనం అసలు అర్థం ఇదీ

గోర్డన్ ఫీ అనే కొత్త నిబంధన పండితుడు ఈ బోధను ఏకంగా 'జబ్బు' అన్నారు. ఆయన బయటివాడు కాదు, పెంతెకోస్తు విశ్వాసి. స్వస్థతలను నమ్మే మనిషి. ఐశ్వర్య బోధకులు ఎక్కువగా చూపించేది యోహాను మూడో పత్రిక 2వ వచనం. నువ్వు అన్నిటిలో వర్ధిల్లాలి, ఆరోగ్యంగా ఉండాలి అని అందులో ఉంటుంది. అది ఆ రోజుల్లో ఉత్తరం మొదట్లో రాసే మామూలు పలకరింపు అని ఫీ వివరించారు. మన పాత ఉత్తరాల్లో 'ఇక్కడ మేమంతా క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాం' అని రాసేవాళ్లే, అలాగన్నమాట. దాన్ని అందరికీ ఇచ్చిన గ్యారంటీగా చదివితే ఎలా?

పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు ప్రార్థించినా అది పోలేదు. తిమోతికి కడుపు జబ్బు ఉంటే కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు తప్ప, నీకు విశ్వాసం లేదని తిట్టలేదు.

రోగం వస్తే తప్పెవరిది?

డ్యూక్ యూనివర్సిటీ చరిత్రకారిణి కేట్ బౌలర్ ఈ చర్చిల చరిత్ర మీద ఏళ్ల తరబడి పరిశోధించి 2013లో పుస్తకం తెచ్చారు. 2015లో, 35 ఏళ్ల వయసులో, ఆమెకే నాలుగో స్టేజ్ పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. ఆరోగ్యం విశ్వాసానికి రుజువైతే, రోగం దేనికి రుజువు? అప్పటిదాకా పరిశోధనగా చూసిన ప్రశ్న ఆమె ఇంటికే వచ్చింది. మంచం మీద ఉన్న మనిషికి నొప్పి ఒక్కటే చాలదా, దాని మీద అపరాధ భావం కూడానా?

పేదల విషయంలో మాత్రం విమర్శకులు ఆచితూచి మాట్లాడతారు. 2008, 2009లో ఘనాలోని అక్రొపాంగ్‌లో లౌసాన్ ఉద్యమం తరఫున ఆఫ్రికా వేదాంతులు కూర్చుని ఒక ప్రకటన తయారుచేశారు. అద్భుతాలు జరగవని వాళ్లు అనలేదు. ఘోరమైన పేదరికంలో ఉన్న చాలామందికి ఈ బోధ ఒక్కటే ఆశ అని ఒప్పుకున్నారు. అదే సమయంలో అది బైబిల్‌ను వక్రీకరిస్తోందని తేల్చారు. ఆస్పత్రి, ఉద్యోగం, ప్రభుత్వం ఏదీ అందని చోట ఎవరో ఒకరు 'రేపు నీదే' అంటే నమ్మరా మరి!

మాట మార్చిన బోధకులు

2019లో బెన్నీ హిన్ సువార్తకు రేటు కట్టడం తప్పని ప్రకటించారు. ఇక క్రెఫ్లో డాలర్ సంగతి. 2015లో 6.5 కోట్ల డాలర్ల జెట్ విమానం కోసం విరాళాలు అడిగి వార్తల్లోకెక్కిన పాస్టర్ ఈయనే. 2022 జూన్‌లో, దశమభాగం మీద తాను ఇన్నాళ్లూ చెప్పింది సరికాదని చర్చిలోనే అన్నారు. ఆ విషయంపై తన పుస్తకాలు, టేపులు, వీడియోలు పారేయమన్నారు. క్షమాపణ మాత్రం చెప్పనన్నారు. ఆ దారిలో వెళ్లకపోతే ఇక్కడికి చేరేవాణ్ని కాదన్నది ఆయన వివరణ.